గోళ్ల రంగు, 450 మెగాహెర్ట్జ్

ఫ్యాన్ తిరుగుతోంది. హార్డ్ డిస్కు గుర్రుమంటోంది. మానిటర్ మీద మాత్రం చీకటి. దాని మూలన పచ్చగా వెలగాల్సిన చిన్న దీపం నారింజ రంగులో మినుకుమంటోంది. కీబోర్డు మీద నమ్‌లాక్ మీట ఎన్నిసార్లు నొక్కినా చలనం లేదు. 1999 ఏప్రిల్ 28, బుధవారం. అర్ధరాత్రి కావస్తోంది. హైదరాబాద్‌లో మా ఇంటి ముందు గదిలో నేల మీద కూర్చుని, మూత విప్పిన కంప్యూటర్ ముందు చెమటలు కక్కుతున్నాను. ఆ చెమట ఎండాకాలం వల్ల పట్టింది మాత్రం కాదు.

ఆ కంప్యూటర్ నాన్న ప్రావిడెంట్ ఫండ్ నుంచి అడ్వాన్సు తీసుకుని కొన్నది. ధర 40 వేల పైచిలుకు. కొన్నది అక్క కోసం. అక్క తన ఎం.ఫిల్. సిద్ధాంత వ్యాసాన్ని సి-డాక్ వారి ఐలీప్‌లో తెలుగులో టైపు చేసుకుంటోంది. మే 10లోగా సమర్పించాలి. నాలుగు అధ్యాయాలూ పూర్తయ్యాయి. ఫ్లాపీల్లోకి ఎక్కించి పెట్టుకున్నది మాత్రం మొదటి రెండే, అదీ ఫిబ్రవరిలో. మిగతాదంతా నా ఎదురుగా చీకట్లో గుర్రుమంటున్న డిస్కులోనే ఉంది.

నేను చేసిన నిర్వాకం చెప్పాలంటే ఆ ప్రాసెసర్ గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఇంటెల్ 1998 ఆగస్టులో సెలెరాన్ 300ఎ అనే చవక ప్రాసెసర్‌ను విడుదల చేసింది. దాని వేగం 300 మెగాహెర్ట్జ్. మదర్‌బోర్డు ఇచ్చే 66 మెగాహెర్ట్జ్ తాళాన్ని నాలుగున్నర రెట్లు చేసి అది నడిచేది. ఆ నాలుగున్నరను మార్చడానికి వీల్లేకుండా కంపెనీయే బిగించేసింది. కానీ బోర్డు 66కు బదులు 100 ఇస్తే? నాలుగున్నర వందలు, అంటే 450. అప్పట్లో అది పెంటియం-2లో అన్నిటికన్నా ఖరీదైన రకం వేగం. సెలెరాన్ ధర అందులో నాలుగో వంతు కూడా లేదు. పైగా దీనికున్న 128 కిలోబైట్ల క్యాష్ ప్రాసెసర్‌తో సమాన వేగంతో పని చేసేది. పెంటియం-2లోని 512 కిలోబైట్ల క్యాష్‌ది సగం వేగమే. ఢిల్లీ నెహ్రూ ప్లేస్ నుంచి చెన్నై రిచీ స్ట్రీట్ దాకా కుర్రాళ్ల నోట ఆ రోజుల్లో ఇదే మాట. లేనివాడికి ఉన్నవాడి వేగం ఉచితంగా దొరికే దారి అన్నమాట.

మా బోర్డులో తాళం మార్చే ఏర్పాటు లేదు. కానీ దానికో కిటుకు ఉంది. నిలువుగా స్లాట్‌లో దిగే ఆ ప్రాసెసర్ కార్డు అంచున వరసగా ఇత్తడి రంగు పట్టీలుంటాయి. అందులో బి-21 అనే పట్టీయే బోర్డుకు 'నాకు 66 చాలు' అని చెప్పేది. దాని నోరు మూసేస్తే బోర్డు 100 ఇస్తుంది. నోరు మూయడానికి సన్నటి టేపు ముక్క అంటించవచ్చు, లేదంటే నెయిల్ పాలిష్ పూయవచ్చు. ఇంటర్నెట్ కేంద్రంలో తీసుకున్న రెండు పేజీల ప్రింటులో ఇదంతా బొమ్మతో సహా ఉంది. మూడో పేజీకి జేబులో డబ్బులు చాలలేదు.

అక్క డ్రాయరులోంచి లేత గులాబి రంగు సీసా తెచ్చాను. అగ్గిపుల్ల కొనతో ఒక్క చుక్క పెట్టాను. ఆరేదాకా విసురుతూ కూర్చుని, కార్డు దింపి, మీట నొక్కాను. అంతే, చీకటి.

ప్రాసెసర్ వేడెక్కి కాలిపోయిందేమోనన్నది మొదటి అనుమానం. ముట్టుకుంటే గోరువెచ్చగా కూడా లేదు. వేడి వల్లే అయితే కొంతసేపు నడిచి ఆగాలి, మొదటి క్షణంలోనే మూగబోదు. అయినా భయపడ్డవాడికి తర్కం ఎక్కడిది? కార్డు లాగి ఆ చుక్కను గోటితో గీకాను. రబ్బరుతో రుద్దాను. పోయిందనుకున్నాను. మళ్లీ పెడితే మళ్లీ చీకటి. తర్వాత బోర్డు మీది బిళ్ల బ్యాటరీ తీసి పది నిమిషాలు పక్కన పెట్టాను. బయాస్ అమరికలన్నీ ఆ బ్యాటరీ ఆధారంతోనే గుర్తుంటాయి. అది తీస్తే బోర్డు అన్నీ మరిచిపోయి ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజుకు వెళ్లిపోతుందని విన్నాను. అలాగే మరిచిపోయి ఉంటుంది. కానీ నేను మార్చింది అమరిక కాదు, పట్టీ. ఆ తేడా ఆ రాత్రి నా బుర్రకు తట్టలేదు.

పొద్దున్నే అక్క అడిగింది. "ఏమైందిరా దీనికి?"

"వైరస్ అక్కా. చెర్నోబిల్" అన్నాను.

అంతకు మూడు రోజుల ముందే, ఏప్రిల్ 26న, సీఐహెచ్ అనే ఆ వైరస్ ప్రపంచమంతటా కంప్యూటర్ల మీద విరుచుకుపడింది. తైవాన్ విద్యార్థి ఒకడు రాసిన ఆ వైరస్ విండోస్ 95, 98 యంత్రాల్లో హార్డ్ డిస్కు మొదటి భాగాన్ని చెరిపేసేది. వీలైన చోట బయాస్ చిప్‌లోని రాతను కూడా తుడిచేసేది. అప్పుడు కంప్యూటర్ అచ్చం మాది లాగే చీకటి ముఖంతో కూర్చునేది. పత్రికల నిండా అదే వార్త. ఇంతకన్నా నమ్మదగిన అబద్ధం ఆ వారంలో మరొకటి దొరకదు.

ఒక్కటి మాత్రం ఆలోచించలేదు. ఆ వార్తలు అక్క కూడా చదివింది. వైరస్ అంటే డిస్కు తుడిచిపెట్టుకు పోయినట్టేనని తనకు తెలుసు. ఏమీ అనలేదు. ఫిబ్రవరి ఫ్లాపీలు రెండూ తెచ్చుకుని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కాసేపటికి లోపలికి వెళ్లి చేత్తో రాసుకున్న పాత కాగితాలు వెతకడం మొదలుపెట్టింది. మూడో అధ్యాయం సగం నేరుగా టైపు చేసిందే. దానికి కాగితం లేదు.

ఆ రోజు సాయంత్రం ఇద్దరం ఆటోలో కంప్యూటర్ పెట్టుకుని సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లాం. ఆ వారం అక్కడ మెకానిక్కుల ముందు వరస కట్టిన పెట్టెలు చూస్తే వైరస్ తడాఖా అర్థమవుతుంది. మా వంతు వచ్చేసరికి శుక్రవారం మధ్యాహ్నమైంది. మెకానిక్‌కు ముప్పయ్యేళ్లుంటాయేమో. స్క్రూ డ్రైవర్ చెవి మీద పెట్టుకుని నన్నే అడిగాడు.

"ఆఖరుకు ఏం చేసినవ్ తమ్మీ?"

"ఏం చేయలేదన్నా. దానంతటదే ఆగిపోయింది. వైరస్ అనుకుంటా."

"ఏ రోజు ఆగింది?"

"సోమవారం" అన్నాను. వైరస్ పేలిన రోజు అదే మరి.

"కాదన్నా, మంగళవారం రాత్రి దాకా నేను టైపు చేసుకున్నా" అంది అక్క అమాయకంగా. మెకానిక్ నా వైపు ఒకసారి చూసి, తల దించుకుని పనిలో పడ్డాడు.

ఆ తర్వాత అరగంటలో నేర్చుకున్నది నాకు ఈనాటికీ పనికొస్తోంది. అతను మొదట డిస్కు కేబుల్ పీకేశాడు. "దాని జోలికి ఇప్పుడు పోవద్దు" అన్నాడు. సౌండ్ కార్డు, మోడెం, ఫ్లాపీ డ్రైవు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టాడు. చివరికి ర్యామ్ కూడా తీసేసి మీట నొక్కాడు. అన్నీ పీకేసి నడవమంటే ఎలా నడుస్తుందని నేను అనుకునేలోగా పెట్టె అరిచింది. పొడుగ్గా ఒక కూత, ఆగి మళ్లీ ఒక కూత.

"విన్నవా? మెమరీ లేదని ఏడుస్తున్నది. ఏడుస్తున్నదంటే ప్రాసెసర్ బతికున్నది, బయాస్ బతికున్నది. బయాస్ పోతే ఏడ్వనీకి కూడా రాదు. ఇది వైరస్ కాదు."

మా ర్యామ్ తిరిగి పెట్టాడు. కూత లేదు, బొమ్మా లేదు. దాన్ని తీసి డ్రాయరులోంచి వేరే ర్యామ్ పెట్టాడు. మానిటర్ మీద అక్షరాలు మెరిశాయి. నా ప్రాణం లేచొచ్చింది. మరుక్షణమే మళ్లీ కుంగింది. తెర మీద సెలెరాన్ పక్కన కనిపిస్తున్న అంకె 300 కాదు, 450.

మా ర్యామ్ 66 మెగాహెర్ట్జ్ కోసం తయారైన రకం. 100 దగ్గర అది బోర్డుకు కనబడుతుంది, కానీ దానిలో రాసింది తిరిగి సరిగ్గా చదవడానికి రాదు. యంత్రం దారి తప్పి మౌనంగా నిలబడిపోతుంది. మెకానిక్ డ్రాయరులోది 100 రకం కనుక అది తట్టుకుంది. ర్యామ్ కూడా మార్చాలన్న ముక్క బహుశా నేను కొనని ఆ మూడో పేజీలో ఉండి ఉంటుంది.

అతను మీట ఆపి ప్రాసెసర్ కార్డు బయటకు లాగాడు. ట్యూబులైటు కింద పెట్టి, భూతద్దంతో అంచు చూశాడు. నేను గీకేశాననుకున్న చోట గులాబి రంగు పొర ఒకటి సన్నగా మిగిలే ఉంది. ఏమీ మాట్లాడకుండా కార్డునూ, భూతద్దాన్నీ అక్క చేతికిచ్చాడు.

అక్క చాలాసేపు చూసింది. తర్వాత తన గోళ్లు చూసుకుంది.

"ఇది నాదే కదరా" అంది.

ఆ ఏడు అక్షరాల ముందు నాన్న చేతి దెబ్బలు కూడా దిగదుడుపే. వేగం కోసం ఆశపడ్డందుకు తను కోప్పడలేదు. రెండు రోజుల పాటు తన వ్యాసం పోయిందని నమ్మించినందుకు మాత్రం ఇంటికి వచ్చేదాకా నాతో మాట్లాడలేదు.

మెకానిక్ దూదికి థిన్నర్ అద్ది పట్టీని శుభ్రంగా తుడిచాడు. మా ర్యామే పెట్టి మీట నొక్కితే 300 అని చూపించింది. అప్పుడు గానీ డిస్కు కేబుల్ తగిలించలేదు. విండోస్ 98 మేఘాలు కనబడ్డాయి. నాలుగు అధ్యాయాలూ ఎక్కడివక్కడే ఉన్నాయి.

"లేవకపోవుడే మంచిదైంది తమ్మీ" అన్నాడు అతను పెట్టె బిగిస్తూ. "100 కాకుంటే 83 పెడదామని చూస్తరు కొందరు. అది లేస్తది. లేచి కొంపలు ముంచుతది."

లెక్క చెప్పాడు. డిస్కుకు డేటా చేరేసే పీసీఐ దారి 33 మెగాహెర్ట్జ్‌తో నడవాలి. తాళం 100 అయితే బోర్డు దాన్ని మూడుతో భాగిస్తుంది, 33 వస్తుంది. 83 అయితే రెండుతోనే భాగిస్తుంది, అప్పుడు 41 దాటుతుంది. కంప్యూటర్ హాయిగా నడుస్తున్నట్టే ఉంటుంది. డిస్కులోకి మాత్రం తప్పుడు రాతలు పడుతుంటాయి. ఏ ఫైలు చెడిందో తెరిచి చూసేదాకా తెలియదు. మాది నిజాయితీగా మొరాయించింది. డిస్కు దాకా వెళ్లకముందే ఆగిపోయింది కనుకే అక్క వ్యాసం బతికింది.

అక్క మే 7నే వ్యాసం సమర్పించింది. ఫ్లాపీ ప్రతులు మూడు సెట్లు చేసింది, ఒకటి పక్కింట్లో దాచింది. ఆ కంప్యూటర్ మరో అయిదేళ్లు 300 మెగాహెర్ట్జ్‌తోనే నడిచింది.

ఇప్పుడు ప్రాసెసర్లు తమ వేగం తామే పెంచుకుంటున్నాయి. ఇంటెల్ 2008లో టర్బో బూస్ట్ తెచ్చాక ఆ పని కంపెనీ పెట్టిన హద్దుల్లోనే జరిగిపోతోంది. హద్దు దాటాలనుకునేవాళ్లకు బయాస్‌లోనే మీటలున్నాయి, అగ్గిపుల్లతో పని లేదు. అమరిక తప్పితే రెండు మూడుసార్లు తంటాలు పడి తనంతట తానే పాత వేగానికి వెనక్కి వచ్చే బోర్డులు కూడా చాలానే ఉన్నాయి. అయినా చీకటి తెరలు ఆగలేదు.

ఈ మధ్య ఓ రాత్రి పదకొండింటికి అక్క కొడుకు ఫోన్ చేశాడు. "కంప్యూటర్ లేవడం లేదు మామయ్యా. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర మాత్రం నల్లగా ఉంది."

"ఆఖరుసారి ఏం చేశావురా?"

"నేనేం చేయలేదు మామయ్యా."

ఫోన్లో నేనేమీ మాట్లాడలేదు. వాడూ మాట్లాడలేదు. అవతల ఫ్యాన్ల చప్పుడు వినిపిస్తోంది. అర నిమిషం గడిచింది.

"ర్యామ్ వేగం కొంచెం పెంచా" అన్నాడు చిన్నగా. "అమ్మకు చెప్పకు."

ఆ మాటతో సగం పని అయిపోయింది. ప్లగ్గు తీయమన్నాను. ఒక్క ర్యామ్ మాత్రం ఉంచి మిగతాది తీయమన్నాను. బ్యాటరీ పక్కన జంటగా ఉన్న రెండు పిన్నులను స్క్రూ డ్రైవర్ కొనతో కాసేపు కలిపి పట్టుకోమన్నాను. తర్వాత మీట నొక్కి, కొత్త రకం ర్యామ్ తన లెక్కలు సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలైనా తీసుకోవచ్చు కనుక తొందరపడి ఆపేయొద్దని చెప్పాను. మూడో నిమిషంలో వాడు కేక వేశాడు.

ఆ కేకకు వెనక గదిలోంచి అక్క గొంతు వినిపించింది. "ఏమైందిరా?"

వాడు ఒక్క క్షణం ఆగాడు. "నేనే పాడు చేశానమ్మా, బాగైంది" అన్నాడు.