సోమసూత్రం

ప్రదక్షిణమనే పదంలోనే దాని విధానమంతా ఇమిడి ఉన్నది. పూజ్యమైన వస్తువు కుడిచేతివైపున ఉండాలి. నడిచేవాడు దానిని విడిచిపోకూడదు, దానిపైకి ఎక్కకూడదు. చుట్టివచ్చి బయలుదేరిన చోటికే చేరాలి. గర్భాలయం చుట్టూ ఇరవై అడుగులైనా, అరుణాచలం చుట్టూ 14 కిలోమీటర్లైనా ధర్మం ఒక్కటే. అయితే నడుమ దేవుడెవరూ లేని కొండ మీద చుట్టుదారి నడిస్తే దానిని ఏమనాలి? గోదావరీతీరంలోని ఒక అగ్రహారానికి చెందిన వేదపండితునికి ఈ సందేహం కలిగినది ఇంగ్లండు దేశంలో, చైత్ర బహుళంలో ఒకనాటి ఉదయం.

ఆయన ముప్పై ఐదేళ్లపాటు విద్యార్థులకు సంత చెప్పినవారు. సముద్రయానం విషయంలో పెద్దలు చెప్పిన నిషేధాన్ని ఎరిగినవారు. ఎరిగి కూడా మాంచెస్టరులో ఉన్న ఏకైక కుమారుని ఇంటికి బయలుదేరారు. కారణం ఎవరికీ చెప్పలేదు. రెండేళ్ల క్రితం జ్యేష్ఠమాసంలో ఆయన ధర్మపత్ని పరమపదించినది. కుమారుడు నాల్గవనాటికి గాని ఇల్లు చేరలేదు. అగ్నిసంస్కారం భర్తయే చేయవలసి వచ్చినది. పన్నెండు రోజులు పూర్తయ్యేదాకా తండ్రీకొడుకులు ఒకే అరుగు మీద కూర్చున్నారు. కర్మకు కావలసిన మాటలు తప్ప వారి నడుమ వేరే మాట లేదు. సంవత్సరీకానికి కుమారుడు రాలేదు. తండ్రి రమ్మనలేదు. శాస్త్రం తెలిసిన ఇళ్లలో మౌనం కూడా ఒక్కొక్కప్పుడు నియమంలాగానే పాటింపబడుతుంది; అందువల్ల అది వ్రతమో, అలుకయో పైవారికి తెలియదు.

“కొండమీద చుట్టు తిరిగి వద్దామా, నాన్నగారూ?” అని కుమారుడే అడిగాడు. ‘చుట్టు’ అన్న ఒక్క మాటకే ఆయన ఒప్పుకొన్నారు. పంచెను బిగించి కట్టి, దానిపైన కుమారుడిచ్చిన వానప్యాంటు తొడిగి, బరువైన బూట్లలో కాళ్లు దూర్చి, దద్దోజనం డబ్బా సంచిలో వేసుకొని రైలెక్కారు. మాంచెస్టరు నుండి ఈడేల్ అనే పల్లెకు ముప్పావుగంట ప్రయాణం. ఆ పల్లెకు ఉత్తరాన గోడలా నిలిచినదే కిండర్ స్కౌట్.

దానిని కొండ అనడానికి మనవారి కళ్లు వెంటనే ఒప్పుకోవు. ఎత్తు 636 మీటర్లు. కానీ శిఖరమన్నది లేదు. పైకి ఎక్కితే చెట్టు గాని, చేను గాని లేని విశాలమైన బయలు. అక్కడివారు దానిని మూర్ అంటారు. నేలంతా పీట్ అనే నల్లని మెత్తటి మన్ను. నాచు చచ్చి నీటిలో కుళ్లీ కుళ్లక పేరుకొనగా వేల సంవత్సరాలకు ఏర్పడినది. ఏడాదికి ఒక మిల్లీమీటరు పెరిగితే గొప్ప. ఆ మన్నుకు ఆధారమైన నాచు మాంచెస్టరు మిల్లుల పొగకు చాలవరకు నశించినది. ఇప్పుడు మనుష్యులే దోసిళ్లతో తెచ్చి మళ్లీ నాటుతున్నారు. కొండ అంచున ఉన్న గరుకురాతిని పూర్వం తిరగలిరాళ్లకోసం తొలిచేవారు.

ఊరు దాటి పడమరగా పొలాల గుండా నడక. ఈ దారి పెన్నైన్ వే అనే మహామార్గానికి ఆరంభభాగం. 1965లో ప్రారంభమై స్కాట్లండు సరిహద్దుదాకా సుమారు 430 కిలోమీటర్లు సాగుతుంది. మూతబడిన మిల్లుల నేలలనుండి తీసిన రాతిపలకలను ఆ మార్గంలో చాలాచోట్ల పరిచారు. పుట్టి పది దినాలైనా కాని గొర్రెపిల్లలు తల్లుల వెంట తడబడుతున్నవి. చిన్న రాతివంతెన దాటగానే జాకబ్స్ లాడర్ అనే నిటారు మెట్లదారి. ఆయన మెట్టుకొక నిమిషం చొప్పున ఎక్కారు. అరుణగిరి చుట్టూ నిండుచూలాలి వలె మెల్లగా నడవాలని రమణమహర్షి చెప్పేవారని ప్రసిద్ధి. ఆ మాటను నిజంగా పాటించినది ఆయన ధర్మపత్ని. ఆమె నడకకు విసిగి ఆయన ప్రతిసారీ ముందుకు పోయి, నిరృతిలింగం దగ్గర కూర్చుని ఎదురుచూసేవారు. ఇక్కడ కుమారుడు ముందుకు పోయి ప్రతి మలుపులో నిలబడి ఎదురుచూశాడు. పిలవలేదు, తొందరపెట్టలేదు.

పైకి చేరిన తరువాత ఒక రాతిచాటున కూర్చుని దద్దోజనం తిన్నారు. హీథరు పొదలు ఇంకా గోధుమవన్నెలోనే ఉన్నవి. అవి పూచేది శ్రావణంలో. ఎక్కడో పైన భరతపక్షి విడవకుండా కూస్తున్నది. అప్పుడు కుమారుడు ఈ నేల కథ చెప్పాడు. ఒకప్పుడు ఈ బయలంతా వేటకై కొందరు ధనికులు కాపాడుకొన్న భూమి. సామాన్యుడు అడుగు పెట్టరాదు. 1932 ఏప్రిల్ 24న కొన్ని వందలమంది మిల్లుపట్టణాల శ్రామికులు కొండకు అవతలివైపునుండి బలవంతంగా ఎక్కారు. కావలివారితో పెనుగులాట జరిగినది. ఐదుగురికి చెరసాల. వారిలో ముఖ్యుడైన బెన్నీ రోత్‌మన్‌కు అప్పటికి ఇరవై ఏళ్లు. ఇటువంటి బయళ్లలో స్వేచ్ఛగా నడిచే హక్కును చట్టం ఒప్పుకొన్నది 2000లో.

తండ్రి విని చాలాసేపు మాట్లాడలేదు. 1924లో వైకోం మహాదేవాలయం చుట్టూ ఉన్న వీథులలో నడిచే హక్కు కోసం మనుష్యులు సత్యాగ్రహం చేయవలసి వచ్చినది. ప్రదక్షిణశాస్త్రం చెప్పే మనవంటివారు ఆ సంగతి తరచుగా మరచిపోతారు. “ఆ పిల్లలు నడవకపోతే మనం ఇక్కడ అన్నం తినేవాళ్లం కాదన్నమాట” అని మాత్రం అని, డబ్బా మూతపెట్టారు.

అక్కడినుండి పీఠభూమి దక్షిణపుటంచు వెంట తూర్పుకు నడిచి, పల్లె నెత్తిమీదికి చేరి దిగితే చుట్టు పూర్తి. మొత్తం 13 కిలోమీటర్లకు కాస్త అటూఇటూ. నాలుగడుగులు వేసి ఆయన ఆగారు. కొండ ఎడమచేతివైపున్నది.

“కుడివైపు లోయ ఉన్నదేమిరా? మనం దేన్ని చుట్టి వస్తున్నాం?”

“ఊరిని అనుకోండి, నాన్నగారూ. సూర్యుడు తిరిగే దిక్కుకే తిరుగుతున్నాం.”

సమాధానం చమత్కారంగా ఉన్నా ఆయనకు కుదురు చిక్కలేదు. కొండ నడిమి భాగం వైపు చూస్తే ఏమీ లేదు. నల్లని గుంటలు, నీరు, మళ్లీ గుంటలు. అత్యున్నతస్థానం ఆ మన్నులోనే ఎక్కడో ఉన్నది; దారి అటు పోదు. ఏ ఆకారమూ లేని ఆ నడిమిభాగాన్ని చూసి నిర్గుణతత్త్వమని వ్యాఖ్యానించడం సులభం. ఆయనకూ ఆ ఊహ వచ్చినది. కానీ ఆ ఊహలోనే దారి తప్పి ఒక అడుగు పక్కకు వేయగా కాలు మోకాలిదాకా దిగబడినది. కుమారుడు చంకల కింద చేతులు పెట్టి పైకి లాగాడు. మెలికపడిన మోకాలు ఆ తరువాత మాట వినలేదు.

ఉన్నిమూటల్లా గాలికి అరిగిన బండల గుంపు దాటి, క్రౌడెన్ అనే సెలయేరు కొండనుండి లోయలోకి దూకే చోటికి చేరేసరికి పొగమంచు కమ్మినది. లోయ కనబడలేదు, ఎదుటి అంచు కనబడలేదు. వాగు చప్పుడు మాత్రం వినబడుతున్నది. కుమారుడు పటం తీసి చూశాడు.

“వెనక్కి పోదాం, నాన్నగారూ. ముందున్న దిగుడు నిటారు, మీకు కొత్త. ఎక్కిన మెట్లదారిని కనీసం కాళ్లు గుర్తుపడతాయి.”

“ఆరంభించిన చుట్టు సగంలో విడవకూడదు. వెనక్కి తిరిగితే అది అప్రదక్షిణం.”

కుమారుడు వాదించలేదు. కర్ర ఒకటి ఆయన చేతికిచ్చి నిలబడ్డాడు. ఎప్పటిలాగానే తండ్రి మాటే చెల్లుతుందని తలవంచి ఉన్న ఆ నిలువు చూడగానే ఆయన మనస్సులో ఏదో చివుక్కుమన్నది. అప్పుడే ఆయన చెవికి నీటి చప్పుడు వేరుగా వినబడినది. కొండ కడుపున ఊరిన నీరంతా ఒక సన్నని రాతివాకిలిగుండా బయటికి వస్తున్నది. ఏ శివాలయంలోనైనా ఉత్తరపు గోడనుండి అభిషేకతీర్థం వెలువడే చోటువంటిదే.

దానిని సోమసూత్రమంటారు. శివసన్నిధిలో దానిని దాటరాదు. నంది దగ్గర బయలుదేరి సోమసూత్రం దాకా వెళ్లి, వచ్చిన దారినే వెనుదిరిగి, నందిని చేరి, ఎదురుదిక్కున మళ్లీ అక్కడికే వెళ్లి, దాటకుండా తిరిగిరావడం చండీప్రదక్షిణం. వెనుదిరగడమే ఆ ప్రదక్షిణానికి విధి. ఎన్ని తరాల శిష్యులకు ఈ సంగతి చెప్పారో ఆయనకే లెక్కలేదు.

ఆయన కర్రకు ఆనుకొని, ఉన్నచోటనే తనచుట్టూ తాను ఒకసారి తిరిగారు, వాగుకు నమస్కరించారు. “పద. నువ్వు ముందు నడు” అన్నారు.

కుమారుని వెనుక తండ్రి నడవడం ఆ జన్మలో అది మొదటిసారి కావచ్చు. మంచులో వాడి వీపు తప్ప వేరే గుర్తు లేదు. కొంతదూరం పోయాక కొండ తన కుడిచేతివైపుకు వచ్చిందని ఆయన గమనించారు. ఆ మాట పైకి అనలేదు.

ముందు నడుస్తున్నవాడు వెనక్కి తిరగకుండానే మాట్లాడసాగాడు. “అమ్మకు బాగోలేదని మీరు ఫోన్ చేసిననాడే నేను బయలుదేరి ఉండవలసింది. ఆ రాత్రి విమానంలో చోటున్నది. నేను తీసుకోలేదు. ఆఫీసులో పని ఉందనుకొన్నాను. మరునాడు తీసుకొందామనుకొన్నాను. మీకు టిక్కెట్టు దొరకలేదని చెప్పాను. అది అబద్ధం.”

బూట్ల కింద రాతిపలకల చప్పుడు. ఆయనకు ఆ రాత్రి స్పష్టంగా జ్ఞాపకమున్నది. ఫోన్‌లో కుమారుడు “రానా?” అని అడిగాడు. “ఇంతలో ఏమీ కాదు, సెలవులు పాడుచేసుకోకు” అన్నది తానే. ఆమె పక్కనే పడుకొని విన్నది. ఏమీ అనలేదు, మొగం మాత్రం గోడవైపు తిప్పుకొన్నది. రెండేళ్లుగా కుమారుని మీద ఆయన మోసినది కోపమని బంధువులు అనుకొన్నారు. ఆయన కూడా అలాగే అనుకొన్నారు.

“నువ్వు రానా అని అడిగావు. వద్దన్నది నేను” అన్నారు.

“ఔను. కానీ నాకు తెలుసు, నాన్నగారూ. మీ గొంతు విన్నప్పుడే తెలుసు.”

“నాకూ తెలుసు.”

ఆ తరువాత మెట్ల దగ్గరిదాకా ఎవరూ మాట్లాడలేదు. మెట్లమీద కుమారుడు ఒక్కొక్క మెట్టూ ముందు దిగి, తిరిగి నిలబడి, భుజం అందించాడు. ఆయన చేయి వేశారు. వంతెన దగ్గర మంచు విడిపోయి ఎండ వచ్చినది. గొర్రెపిల్లలు ఉదయం ఉన్నచోటనే ఉన్నవి.

ఈడేల్ స్టేషనులో రైలుకు ఇంకా ఇరవై నిమిషాలున్నది. తడిసిన బూట్లు విప్పి, పాదాలు తుడుచుకొంటూ ఆయన అడిగారు.

“జ్యేష్ఠ శుద్ధ దశమి ఈ ఏడు ఇంగ్లీషు తేదీ ఎన్నడు పడిందో చూడు.”

కుమారుడు ఫోన్ తీయలేదు. తేదీ, వారమూ చెప్పాడు.

“కర్తవు నువ్వు కూర్చోవాలి. నేను పక్కన ఉండి మంత్రం చెబుతాను. పది రోజులు ముందే రావాలి సుమా, నీకు స్వరం తప్పుతుంది.”

“వస్తాను, నాన్నగారూ” అని వాడు బూట్లు అందుకొని, వాటికంటిన నల్లమన్నును ప్లాట్‌ఫారం అంచుకు కొట్టి దులపసాగాడు.