చౌకబండిలో పదిమంది

మా అబ్బాయీ వాడి స్నేహితులూ బల్ల మీద బొమ్మలతో ఆడే యుద్ధం వేరే గ్రహంలో జరుగుతుంది. పిల్లచేష్ట అని నవ్వకండి. ట్యాంకులు పుట్టకముందే, 1903లో, ఒక కథలో కవచవాహనాలను ఊహించిన హెచ్.జి.వెల్స్ గారే 1913లో బొమ్మ సైనికుల ఆటకు నియమాలు కూర్చి పుస్తకం వేశారు.

మావాడు సబ్బుపెట్టెతో సైనికులను మోసే బండి ఒకటి కల్పించాడు. వాళ్ళ ఆటలో ప్రతిదానికీ పాయింట్లలో ఖరీదు. అందుకని కవచం పలచన చేశాడు, ఫిరంగి పీకేశాడు.

"ఇరవై పాయింట్లే నాన్నా, కారుచౌక!"

"లోపల ఎందరురా?"

"పదిమంది."

"వాళ్ళ ఖరీదో?"

"తలకి పది. మొత్తం నూరు."

"అయితే బండి పోతే పోయేది ఇరవయ్యా, నూట ఇరవయ్యా?"

వాడు మాట్లాడలేదు. 1960లో అమెరికా సైన్యంలో చేరిన ఎం-113 బండి సంగతి చెప్పాను. అల్యూమినియం కవచం, లోపల 11 మంది సైనికులకు చోటు. మామూలు తుపాకిగుండ్లను ఆపేది కాని, మందుపాతరకు తట్టుకోలేకపోయేది. వియత్నాంలో చాలామంది సైనికులు లోపల కూర్చోవడానికి జంకి, బండి పైకెక్కి ప్రయాణం చేశారు. కవచం చాటున కంటే శత్రువు తుపాకికి ఎదురుగా కూర్చోవడమే నయమనిపించిందన్నమాట!

మర్నాటికి బండి అడుగున మరో అట్ట అంటించి ఉంది. ఖరీదు ముప్ఫై అయింది. ఆ పదీ సేనాధిపతి సొంత బండిలో కోత పెట్టి సర్దాడు.