ఠంగుమనే పెట్టె నోరు మూయించడం ఎలా? అసలు ఎవరిని అడిగి మూయించాలి?

మీ కంప్యూటరు రోజుకి ఎన్నిసార్లు అరుస్తుందో ఎప్పుడన్నా లెక్కపెట్టారా? పెన్‌డ్రైవ్ పెడితే ఒక కూత, తీస్తే ఇంకో కూత. టెర్మినల్లో ఖాళీ లైన్ మీద బ్యాక్‌స్పేస్ నొక్కితే ఠంగు. షిఫ్ట్ మీద వేలు పెట్టి ఆలోచిస్తూ కూర్చుంటే ఓ మూలుగు. ఇహ ఫోన్ కీబోర్డు సంగతి చెప్పనే అక్కర్లేదు. రాజమండ్రిలో బస్సెక్కిన పక్కసీటాయన అమలాపురం దాకా టిక్కు టిక్కుమని మెసేజీలు కొడుతూనే ఉంటాడు. రావులపాలెం వచ్చేసరికి మనకి ఆయన టైపింగ్ స్పీడు కూడా తెలిసిపోతుంది.

సరే, విషయానికొద్దాం. ఈ కూతలన్నీ ఎలా ఆపాలో చెబుతాను. కానీ ఆపేముందు ఒక్క ప్రశ్న వేసుకోవాలని కూడా చెబుతాను. ముందు పని, తర్వాత ఉపన్యాసం.

విండోస్ వాళ్ళకి: స్టార్ట్ దగ్గర వెతికే డబ్బాలో "ఛేంజ్ సిస్టమ్ సౌండ్స్" అని కొట్టండి. పాతకాలం నాటి సౌండ్ కిటికీ ఒకటి తెరుచుకుంటుంది (ఎన్ని వెర్షన్లు మారినా అది మాత్రం మారదు, మన తాలూకాఫీసు బీరువాలా). అందులో సౌండ్ స్కీమ్ అన్నచోట "నో సౌండ్స్" ఎంచుకోండి. కింద స్టార్టప్ సౌండ్ టిక్కు కూడా తీసేసి అప్లై నొక్కండి. అన్నీ వద్దు, కొన్నే చాలు అనుకుంటే ఆ కిందనే ప్రోగ్రామ్ ఈవెంట్స్ అని చాంతాడంత జాబితా ఉంటుంది, ఒక్కొక్కటే "నన్" చేసుకుంటూ పోవచ్చు. ఈ స్కీమ్ యూజర్ అకౌంటుకి సంబంధించినది, మొత్తం మిషనుకి కాదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

కీబోర్డు మూలుగులు ఇంకోచోట ఉంటాయి. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, అందులో కీబోర్డు. షిఫ్ట్ ఐదుసార్లు కొడితే స్టిక్కీ కీస్, కుడి షిఫ్ట్ ఎనిమిది సెకన్లు పట్టుకుంటే ఫిల్టర్ కీస్, నమ్ లాక్ ఐదు సెకన్లు పట్టుకుంటే టోగుల్ కీస్. ఆ షార్ట్‌కట్లు ఆపేస్తే మూలుగులూ ఆగిపోతాయి.

మాక్ వాళ్ళకి: సిస్టమ్ సెట్టింగ్స్‌లో సౌండ్. స్టార్టప్ సౌండుకి ఒక స్విచ్చు, మిగతా ఇంటర్‌ఫేస్ చప్పుళ్ళకి ఒక స్విచ్చు, అలర్ట్ శబ్దానికి విడిగా ఒక వాల్యూం. పాటలు వింటూనే అలర్ట్ నోరు మాత్రం నొక్కేయొచ్చు.

లినక్స్ సోదరులకి: పీసీ స్పీకర్ మాడ్యూల్ని బ్లాక్‌లిస్టులో పెడితే డబ్బాలోపలి బీప్ పోతుంది. బాష్‌లో అయితే ఇన్‌పుట్‌ఆర్‌సీ ఫైల్లో బెల్ స్టైల్‌ని "నన్" చెయ్యండి. "విజిబుల్" అని పెడితే గంట బదులు తెర ఒక్కసారి మెరుస్తుంది, అర్ధరాత్రి పనిచేసేవాళ్ళకి హాయి. ఫోన్లో జీబోర్డు అయితే ప్రిఫరెన్సెస్‌లో "సౌండ్ ఆన్ కీప్రెస్" తీసేస్తే సరి. ఇహ నీలం స్విచ్చుల మెకానికల్ కీబోర్డు కొనుక్కున్న మహానుభావులకి ఏ సెట్టింగూ లేదు. స్విచ్చులన్నా మార్చాలి, గది అన్నా మార్చాలి.

పని అయిపోయింది. తొందరున్నవాళ్ళు ఇక్కడితో వెళ్ళిపోవచ్చు. మిగతావాళ్ళు కూర్చోండి, కథ ఉంది.

అసలు టెర్మినల్లో ఆ ఠంగు ఎక్కణ్ణుంచి వచ్చింది? ఆస్కీ పట్టికలో 7వ నంబరు చూడండి, పేరే గంట. కంట్రోల్ జీ నొక్కితే వచ్చేది అదే. టెలీప్రింటర్ల కాలంలో అవతలి ఊళ్ళో ఆపరేటరు టీ తాగడానికి వెళ్తే, ఇవతల కూర్చున్నవాడు ఈ అక్షరం పంపేవాడు. అక్కడ నిజం గంట మోగేది. వార్తా సంస్థల్లో అయితే వార్త ఎంత పెద్దదైతే అన్ని గంటలు. అంటే గంట వెనక ఒక మనిషి, గంట ముందు ఒక మనిషి, మధ్యలో ఒక పని. టైపు మిషను గంటా అంతే. మన ముందుతరం వాళ్ళు టైపు ఇన్‌స్టిట్యూట్‌లో లోయరు, హయ్యరు కట్టేటప్పుడు గంట మోగిందంటే లైను అయిపోవస్తోంది, క్యారేజీ తొయ్యమని అర్థం. అర్థం లేని గంట ఒక్కటి కూడా మోగేది కాదు.

తర్వాత సౌండ్ కార్డులొచ్చాయి. చప్పుడు చవకైపోయింది. విండోస్ 95 మొదలయ్యేటప్పుడు వచ్చే ఆ నాలుగు ముక్కల సంగీతం కోసం బ్రయన్ ఈనో అనే పెద్ద సంగీతకారుణ్ణి పిలిచారు. ఆయన 84 రకాలు తయారుచేశానని చెప్పుకున్నాడు. తమాషా ఏంటంటే, దాన్ని చేసింది మాక్ మీదనని కూడా ఆయనే తర్వాత 2009లో బీబీసీ రేడియోలో చెప్పాడు. 2012లో విండోస్ 8 వచ్చేసరికి ఆ స్టార్టప్ సంగీతాన్ని మామూలుగా వినపడకుండా ఆపేశారు, 2021లో విండోస్ 11తో మళ్ళీ మోగించారు. అంటే మోగాలా వద్దా అన్నది వాళ్ళే ఇంకా తేల్చుకోలేదన్నమాట.

ఇంకో విచిత్రం. మోర్స్ టెలిగ్రాఫు మొదట్లో చప్పుడు చేయడానికి పుట్టింది కాదు. చుక్కలూ గీతలూ కాగితం పట్టీ మీద పడాలి, దాన్ని చూసి చదువుకోవాలి. మిషను టకటకలు ఊరికే పక్కచప్పుడు. కానీ ఆపరేటర్ల చెవులు ఆ టకటకలనే చదవడం నేర్చేసుకున్నాయి. పైవాళ్ళు మొదట ఒప్పుకోలేదు, తర్వాత కాగితమే పోయి చప్పుడే మిగిలింది. ఎవరో అనవసరం అనుకున్న శబ్దమే ఇంకొకరికి బతుకుతెరువయ్యింది. మన దేశంలో టెలిగ్రాం 2013 జూలైలో మూతబడింది గానీ, ఈ పాఠం మూతబడలేదు.

ఈ పాఠం నాకు అర్థమయ్యింది మాత్రం రాజమండ్రిలో మా పెద్దనాన్నగారింట్లో. ఆయనకి నీటికాసులు, అదే గ్లకోమా. చూపు చాలావరకు పోయింది. రిటైరయ్యాక కంప్యూటరు నేర్చుకుని పెన్షనూ, బ్యాంకూ, నవంబరులో పెట్టే లైఫ్ సర్టిఫికెట్టూ అన్నీ తనే చూసుకుంటారు. తెర మీదున్నది చదివి వినిపించడానికి ఎన్‌వీడీఏ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఉంది. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కర్రన్ అనే చూపులేని కుర్రాడు మొదలుపెట్టింది. తెలుగు కూడా చదువుతుంది, కాస్త రోబో గొంతుతో.

ఆ మధ్య వెళ్తే మా పెద్దమ్మ గుమ్మంలోనే పట్టుకుంది. "ఒరేయ్, నీకు కంప్యూటరు చదువే కదా. దాని నోరు ముయ్యించి పోరా. మధ్యాన్నం కునుకు పట్టనివ్వదు. మీ పెద్దనాన్న కంటే అదే ఎక్కువ మాట్లాడుతోంది."

లోపలికెళ్ళి అడిగాను. "పెద్దనాన్నా, ఈ చప్పుళ్ళన్నీ తీసేసేదా?"

"అన్నీ తీసేసి నన్ను కూడా మూలన కూర్చోపెట్టెయ్ రా, పనైపోతుంది" అన్నారు. గోదారి వెటకారం, తెలుసుగా. కాసేపాగి అసలు మాట చెప్పారు. "క్యాప్స్ లాక్ పడితే సన్నగా కూస్తుంది చూడు, అది తీశావంటే నా పాస్‌వర్డు పెద్దక్షరాల్లో పడుతోందో చిన్నక్షరాల్లో పడుతోందో నాకెవడు చెప్తాడు? ఆ బుల్లి దీపం నాకు కనపడదు. మూడుసార్లు తప్పు కొడితే బ్యాంకువాడు తాళం వేస్తాడు. అప్పుడు పాస్‌వర్డు ఇంకొకళ్ళ చేతిలో పెట్టి కొట్టించుకోవాలి. నాకది ఇష్టం లేదు."

ఆ కూత టోగుల్ కీస్‌ది. లాక్ పడితే హెచ్చు స్వరం, తీస్తే తగ్గు స్వరం. మనం "ఎవడు పెట్టాడ్రా ఇది" అని తిట్టుకునేది సరిగ్గా దాన్నే. పెట్టినవాళ్ళు ఊరికే పెట్టలేదు. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలోని ట్రేస్ సెంటర్ వాళ్ళు వికలాంగుల కోసం చేసిన పని అది, విండోస్ 95 నాటికి సిస్టమ్‌లోనే వచ్చేసింది. ఐదుసార్లు షిఫ్ట్ కొడితే వచ్చే స్టిక్కీ కీస్ కూడా అంతే. ఒక చేత్తోనో, ఒక వేలితోనో టైపు చేసేవాళ్ళు రెండు మీటలు కలిపి నొక్కలేరు, అందుకని.

ఆ రోజు గంటసేపు ఇద్దరం కూర్చుని జాబితా మొత్తం ఒక్కొక్క చప్పుడే వినిపించుకుంటూ వెళ్ళాం. ప్రతి దానికీ పెద్దనాన్న ఒకటే ప్రశ్న: "ఇది మోగితే నేనేం చెయ్యాలి?" జవాబుంటే ఉంచాం, లేకపోతే పీకేశాం. క్యాప్స్ లాక్ ఉండిపోయింది. ఎర్రర్ చప్పుడు ఉండిపోయింది. కొత్త మెయిలూ, మెనూలూ, కిటికీ తెరిచిన చప్పుడూ, మూసిన చప్పుడూ పోయాయి. సెలవులకొచ్చే పిల్లలకి వేరే యూజర్ అకౌంటు పెట్టి, అందులో "నో సౌండ్స్". పైన గుర్తుపెట్టుకోమన్న ముక్క ఇందుకే. పెద్దమ్మ కునుకు కోసం ఆయనకి హెడ్‌ఫోను. పీకేసినవే ఎక్కువని వేరే చెప్పక్కర్లేదు.

"ఇది మోగితే నేనేం చెయ్యాలి?" మన ఐటీవాళ్ళు గోడకి రాసి పెట్టుకోవాల్సిన మాట ఇదేనని నా అభిప్రాయం. గోదావరి జిల్లాల్లో పుట్టినవాళ్ళకి ఇది కొత్తేం కాదు. వరదలప్పుడు ఎలా చెబుతారో గుర్తుతెచ్చుకోండి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. భద్రాచలంలో అయితే 43, 48, 53 అడుగులు. మొదటిదానికి లంకవాళ్ళు పశువుల సంగతి చూసుకుంటారు. మూడోది విని కూడా ఇంట్లో కూర్చుంటే ఇంకేం చెప్పలేం. 2022 జూలైలో భద్రాచలం దగ్గర 71.3 అడుగులకి వెళ్ళింది గోదావరి, ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. 1986లో భద్రాచలం దగ్గర 75.6. అలాంటప్పుడు జనం కదిలేది హెచ్చరికకి విలువుండబట్టే. నది ఒక అంగుళం పెరిగినప్పుడల్లా మూడో ప్రమాద హెచ్చరిక వేస్తే ఎవడు కదులుతాడు? ఇంకో సంగతి, నీరు తగ్గితే హెచ్చరిక ఉపసంహరించామని కూడా చెబుతారు. మన డ్యాష్‌బోర్డుల్లో పోయిన నెల ఎర్ర చుక్క ఈ నెల కూడా అలాగే వెలుగుతూ ఉంటుంది.

ఊళ్ళో టముకు వేసే పద్ధతి కూడా చూడండి. ముందు డప్పు, తర్వాత మాట. డప్పు మనల్ని గుమ్మంలోకి రప్పించడానికి, మాట విషయం చెప్పడానికి. కంప్యూటరు మాత్రం డప్పు కొట్టి ఊరుకుంటుంది. అన్నిటికీ ఒకటే డప్పు. ప్రింటర్లో కాగితం అయిపోయినా, డిస్కు చచ్చిపోతున్నా.

ఇది నవ్వులాట విషయం కాదు. ఆస్పత్రుల్లో మానిటర్లు అదేపనిగా మోగుతుంటే నర్సుల చెవులు వాటిని పట్టించుకోవడం మానేస్తాయి. దానివల్ల ప్రాణాలు పోతున్నాయని అమెరికాలో ఆస్పత్రులకి గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్, అలారాల నిర్వహణని 2014 నుంచి జాతీయ భద్రతా లక్ష్యాల్లో చేర్చింది. మనలో ఆన్‌కాల్ చేసేవాళ్ళకి ఈ జబ్బు బాగా తెలుసు. రాత్రి పన్నెండు అలర్టులొస్తే పదకొండు ఉత్తవి, పన్నెండోది నిజం. పన్నెండోది మోగేసరికి ఫోను దిండు కింద ఉంటుంది.

2023 ఆగస్టు, సెప్టెంబరుల్లో ప్రభుత్వం వాళ్ళ అత్యవసర హెచ్చరిక పరీక్షకి మన ఫోన్లన్నీ ఒక్కసారి బొబ్బలు పెట్టాయి కదా. "ఏంట్రా బాబూ ఈ గోల, ఎలా ఆపాలి" అని అడిగినవాళ్ళు నాకు ఒకళ్ళిద్దరు కాదు. కోనసీమలో ఇల్లున్నవాళ్ళకి మాత్రం నేనిచ్చిన సలహా ఒకటే. అన్నీ ఆపుకోండి, ఆ ఒక్కటి ఉంచుకోండి. తుఫానుకి మనం ఏ సెట్టింగూ పెట్టలేం.

అదండీ సంగతి. ఇవాళ ఇంటికెళ్ళి మీ పెట్టె నోరు నిక్షేపంగా మూయించండి. అదే పెట్టెని ఇంట్లో ఇంకెవరైనా వాడుతుంటే వాళ్ళనొక మాట అడిగి మరీ మూయించండి. రేపు ఆఫీసుకెళ్ళి కోడులో ఎక్కడైనా బీప్ పెట్టబోతుంటే మా పెద్దనాన్న ప్రశ్న వేసుకోండి. జవాబు దొరక్కపోతే ఆ లైను కొట్టేయండి. ఊళ్ళో ఎవరో ఒక పెద్దమ్మ హాయిగా కునుకు తీస్తుంది.