అలల మీద ఆడపిల్ల

ఆడపిల్లకి సముద్రంలో ఆటలేమిటనేవాళ్లు మనలోనే కాదు, అమెరికాలోనూ ఉన్నారండోయ్! 1959లో వచ్చిన ‘గిడ్జెట్’ సినిమా చూడండి. మాలిబూ బీచిలో మగపిల్లలు పలకలెక్కి అలల మీద తేలుతుంటే, గిడ్జెట్ వేషం వేసిన సాండ్రా డీ తానూ నేర్చుకుంటానని పట్టుబడుతుంది. తండ్రి చూపిస్తానన్న కుర్రాడిని మాత్రం చూడనే చూడనంటుంది. తీరా చూస్తే అతగాడు తను బీచిలో మనసుపడ్డవాడే! మా అమ్మాయీ నేనూ పడి పడి నవ్వాం.

ఇది ఉత్త కట్టుకథ కాదండీ. రచయిత ఫ్రెడరిక్ కోనర్ కూతురు కాథీ బీచి కబుర్లన్నీ తండ్రికి చెప్పేదట. ఆయన వాటితోనే 1957లో నవల రాశారు. తిడతారన్న భయముంటే ఆ పిల్ల నోరు విప్పేదా? మన పిల్లలు కబుర్లు మోసుకొస్తే, పొయ్యి కట్టేసైనా సరే, కూర్చుని వినండి!