కప్పగల్లు రాతిగొడ్డలి

మన సంఘములలో ప్రాచీనతను గూర్చిన ప్రసంగము వచ్చినప్పుడు శాసనములు, కావ్యములు, రాయలవారి కొలువు స్మరింపబడుట పరిపాటి. బళ్లారి ప్రాంతమున స్థిరపడిన తెలుగువారమగు మనకు అంతకంటె మిక్కిలి పాతదగు చుట్టము ఒకటి ఇంటిచెంతనే కలదు. అది కప్పగల్లు, సంగనకల్లు కొండలలో దొరకిన చిన్న రాతిగొడ్డలి.

కన్నడమున ‘కప్పు’ అనిన నలుపు, ‘కల్లు’ అనిన రాయి. ఊరి పేరు వినగనే నల్లరాయి తలపునకు వచ్చును. నిజముగనే ఇచ్చటి గ్రానైటు కొండను చీల్చుకొని డోలరైటు అను నల్లని శిల గోడవలె సాగియున్నది. గ్రానైటు పెద్ద పలుకుల రాయి. సన్నని పదునునకు పనికిరాదు. డోలరైటు సన్న పలుకులది, గట్టిది, పదును నిలుపును. మూడు నాలుగు వేల యేండ్లకు పూర్వమే ఇచ్చటి పశుపాలకులు ఈ భేదమును గుర్తెరిగిరి. నల్లరాతిని సుత్తిరాతితో పెచ్చులుగా కొట్టి రూపు తీర్చిరి; మెల్లగా పొడిచి గరుకు తగ్గించిరి; గ్రానైటు బండపై నూరి అంచు తేర్చిరి. నూరిన గాళ్లు నేటికిని బండలపై కానవచ్చుచున్నవి.

కఱ్ఱకు బిగించిన ఈ గొడ్డలితో కంప నరికి దొడ్డి కట్టవచ్చును. గుడిసెకు గుంజలు, పొయ్యికి కట్టెలు సమకూర్చుకొనవచ్చును. అయితే ఇనుప గొడ్డలివలె భుజబలముతో విసరరాదు. 1950 తరువాతి యేండ్లలో డెన్మార్కు పండితులు పాత రాతిగొడ్డళ్లతో అడవిలో చెట్లు నరికి చూచిరి. బలముగ విసరినచో అంచు విరిగెను. మోచేతితో, మణికట్టుతో చిన్న చిన్న దెబ్బలు వేసినప్పుడు చెట్టు కూలెను. బలముకంటె ఒడుపు మేలని మన పెద్దలు చెప్పునది ఇదియే గదా!

ఈ కొండల ప్రాచీనతను మొదట లోకమునకు చాటినవాడు భూగర్భ పరిశోధకుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్. పిదప బెండపూడి సుబ్బారావుగారు సంగనకల్లున త్రవ్వకములు జరిపి, 1948లో బళ్లారి శిలాయుగ సంస్కృతులపై గ్రంథము వెలువరించిరి. కప్పగల్లు కొండపై ఎద్దుల బొమ్మలు చెక్కిన బండలు, కొట్టినచో గంటవలె మ్రోగు రాళ్లు కూడ కలవు.

అట్టి కొండను ఇటీవలి దశాబ్దములలో గ్రానైటు కొరకు కొట్టిన కొట్టుడు చాల భాగము పాడుచేసినది. వేల యేండ్లు ఎండవానలకు చెదరని బొమ్మ ఒక్క మందుగుండు దెబ్బతో కంకరయగును. రాతిని ఓర్పుతో మలచిన చోటనే రాతికి ఈ గతి పట్టుట మనసును కలచివేయును.

1953 అక్టోబరు 1న బళ్లారి తాలూకా మైసూరు రాష్ట్రమున చేరినది. నాటినుండి మన పిల్లలు బడిలో ‘కొడలి’ యని, ఇంటిలో ‘గొడ్డలి’ యని పలుకుచున్నారు. రెండును అక్కచెల్లెండ్రవంటి మాటలు. కొండపై పనివారు అక్షరమేదియు వ్రాయలేదు. కావున వారు మావారే యని ఏ భాషవారును ఒంటిగ కొనిపోజాలరు. వారిని కాపాడు బాధ్యత మాత్రము ఇరువురిది.

బళ్లారిలో ఫుట్ పేరిట పురావస్తు ప్రదర్శనశాల వెలసినది. పిల్లలను అచ్చటికిని, ఆ పిదప కొండకును కొనిపోవుడు. కాలికి తగిలిన నల్లపెచ్చును మాత్రము ఇంటికి తేనీయకుడు. ఉన్నచోట నున్నంతవరకే ఆ రాయి మాటలాడును.