పాత ల్యాప్‌టాప్, పెద్ద స్క్రీన్

మా బడిలో ఇద్దరమే టీచర్లం. ఇద్దరం గోండులమే. ఉట్నూరు దిక్కు ఒక గూడెంలో పని చేస్తున్నాం. పోయిన సంక్రాంతి సెలవుల్లో పైసలు కలుపుకుని కరీంనగర్ పోయి ఒక ల్యాప్‌టాప్ కొన్నాం. కొత్తది కాదు. ఒకరు వాడినదాన్ని బాగుచేసి మళ్లీ అమ్ముతారు, రిఫర్బిష్డ్ అంటారు. "సార్లకు జీతాలొస్తయి గదా, పాతది కొనుడేంది?" అని గూడెంలో అడిగారు. వాళ్లకు చెప్పిన జవాబే ఇక్కడ రాస్తున్నాం. ఎందుకంటే అంతకుముందు ఒకసారి మేము మోసపోయాం. మా అజ్ఞానం వల్లే మోసపోయాం.

నాలుగేండ్ల కింద ఒక పాత ల్యాప్‌టాప్ కొన్నాం. ధర తక్కువ. స్క్రీన్ వెలిగింది, చాలనుకున్నాం. బిల్లు అడగలేదు, లోపలి డిస్కు ఎట్లున్నదో చూడలేదు. ఆ ఏడాది పెర్సపేన్ పూజకు వచ్చిన ప్రధాన్ తాత కిక్రి వాయిస్తూ మా సగల పుట్టుక కథలు రెండు రాత్రులు చెప్పాడు. ఆయన ఒప్పుకుంటేనే ఫోన్‌లో రికార్డు చేశాం. ఫోన్ నిండిపోయింది. అన్నీ ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి ఫోన్‌లోంచి తీసేశాం. మూడు నెలలకు డిస్కు పోయింది. బాగుచేసేవాళ్లకు చూపిస్తే ఏమీ రాదన్నారు. మళ్లీ పోదాం, మళ్లీ చెప్పించుకుందాం అనుకుంటూ ఉండగానే తాత కాలం చేశాడు. ఒక్క కాపీ వేరేచోట పెట్టుకుంటే ఆ కథలు ఇప్పుడు మా దగ్గర ఉండేవి.

ఈసారి ఏం కావాలో ముందే కాగితం మీద రాసుకున్నాం. మొదటిది పెద్ద స్క్రీన్. ఫోన్‌లో పాఠం చూపిస్తే ముందున్న ఇద్దరికి కనబడుతుంది, వెనకోళ్లు తోసుకుంటారు. పద్నాలుగు అంగుళాల స్క్రీన్‌తో పోలిస్తే 15.6 అంగుళాల స్క్రీన్ వైశాల్యం దాదాపు పావు వంతు ఎక్కువ. పది మంది పిల్లలు చాప మీద అర్ధచంద్రంగా కూర్చుంటే అందరికీ అక్షరం కనబడుతుంది. నలభై దాటిన మా కండ్లకూ సుఖమే. 17.3 అంగుళాలది ఇంకా మంచిదే కానీ బరువెక్కువ. రోజూ సంచిలో వేసుకుని బండి మీద పోవాలి కాబట్టి వద్దనుకున్నాం.

స్క్రీన్ పెద్దగా ఉంటే చాలదని కూడా తెలుసుకున్నాం. చాలా పాత పెద్ద ల్యాప్‌టాప్‌లలో చుక్కలు 1366 అడ్డం, 768 నిలువు మాత్రమే ఉంటాయి. ఫుల్ హెచ్‌డీ అంటే 1920, 1080. లెక్కగడితే దాదాపు రెండింతల చుక్కలు. తెలుగు ఒత్తులు, గుణింతాలు చిన్న సైజులో స్పష్టంగా కనబడాలంటే ఆ తేడా పనికొస్తుంది.

జన్నారం అడవి దాటి, లక్సెట్టిపేట మీదుగా, రాయపట్నం వంతెన దగ్గర గోదావరి దాటి, ధర్మపురి, జగిత్యాల మీద కరీంనగర్ చేరేసరికి మధ్యాహ్నమైంది. దుకాణంలో పిల్లగాడు మూడు ల్యాప్‌టాప్‌లు ముందు పెట్టాడు. పెద్ద కంపెనీలు కొన్నేండ్లు వాడి మార్చేసినవి ఇట్లా వస్తాయని చెప్పాడు. మేము కాగితం తీశాం. అతను నవ్వాడు, "అడుగుండ్రి సార్" అన్నాడు.

ముందు ప్రాసెసర్ చూశాం. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11కు ఇంటెల్ అయితే సాధారణంగా ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతది కావాలి, టీపీఎం 2.0 ఉండాలి. చవకగా దొరికే ఆరో తరం, ఏడో తరం ల్యాప్‌టాప్‌లు ఎక్కువగా ఇక్కడే ఆగిపోతాయి. మూడింట్లో ఒకటి అట్లనే పక్కకు పోయింది. తర్వాత విండోస్‌లోనే బ్యాటరీ రిపోర్టు తీయించాం. తయారైనప్పుడు ఎంత నిండేది, ఇప్పుడు ఎంత నిండుతున్నది, రెండూ అందులో ఉంటాయి. కరెంటు పోయే గూడేనికి ఇది ముఖ్యం. ఇంకొకటి సగం కూడా నిండడం లేదు, అదీ పోయింది. మిగిలినదానికి డిస్కు ఆరోగ్యం చూపే ప్రోగ్రాం నడిపించాం. తెల్ల పేజీ, నల్ల పేజీ పెట్టి చచ్చిన చుక్కలు వెతికాం. ప్రతి కీ నొక్కాం, మూత పదిసార్లు తెరిచి మూశాం. ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేసి, ఎక్కడా పాత యజమాని పాస్‌వర్డ్ అడగడం లేదని చూసుకున్నాం. 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ. ధర 23,000. ఆరు నెలల వారంటీ, సీరియల్ నంబరు బిల్లు మీద రాయించుకున్నాకే పైసలిచ్చాం. చార్జర్ కొత్తది అడిగితే ఇచ్చాడు.

ఇంటికొచ్చి మొదట చేసిన పని గోండి ఫాంటు ఎక్కించడం. 1943లో మార్లవాయిలో గోండు టీచర్లకు శిక్షణ మొదలైనప్పుడు మా భాష పుస్తకాలను దేవనాగరి లిపిలో అచ్చు వేశారు. మేమైతే తెలుగు లిపిలో చదువుకున్నాం. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన చేతిరాత పుస్తకాలను బట్టి ఆ లిపికి గుంజాల గోండి అని పేరొచ్చింది. 2018లో అది యూనికోడ్‌లో చేరింది. నోటో ఫాంటు ఉచితంగానే దొరుకుతుంది. బడి తెరిచిన రోజు ఆ అక్షరాలను స్క్రీన్ నిండా పెద్దగా చూపించాం. "ఇది మనదేనా సార్?" అని రెండో తరగతి పిల్ల అడిగింది.

నాగోబా జాతరకు కేస్లాపూర్ పోయినప్పుడు ఇంకో ప్రధాన్ పెద్దాయన కలిశాడు. హోలీ తర్వాత మా గూడెం వచ్చాడు. నలభై నిమిషాలు చెప్పాడు. ఆ సాయంత్రమే ల్యాప్‌టాప్‌లో ఒకటి, బీరువాలో పెన్‌డ్రైవ్‌లో ఒకటి, ఆయన ఇంటికి మెమరీ కార్డులో ఒకటి, మూడు కాపీలు చేశాం. మర్నాడు పిల్లలు అందులో తమకు తెలియని అయిదు మాటలు పట్టుకున్నారు. వాటిని గుంజాల లిపిలో రాయించాం. పెద్దాయన చదువుకోలేదు. స్క్రీన్ దగ్గరికి జరిగి, వేలు పెట్టి, "ఇందులో నా పేరెక్కడుంది?" అని అడిగాడు. అప్పటికి రాయలేదు. ఆయన ముందే రాసి, అందరికీ కనబడేటట్టు పెద్దగా చేసి చూపించాం.