ఇటుక తాగిన నీళ్లు

స్లాబు పోసి ఒక రాత్రే గడిచింది. డోన్ శివార్లలో కడుతున్న ఆ ఇంటి మీదికెక్కితే, మళ్లు కట్టి నీళ్లు నిలిపి ఉన్నారు. నీళ్లందని అంచున మాత్రం అప్పుడే వెంట్రుకవాసి బీటలు.

"నిన్న గాలి ఎక్కువుండె సార్. పోసిన గంటకే పైపొర ఎండిపాయ," అన్నాడు మేస్త్రీ.

ఆయన పట్టుకున్నది అసలు కారణమే. తడి కాంక్రీటులోంచి పైకి ఊరే నీటి కంటే గాలి లాక్కునే నీరు ఎక్కువైతే పైపొర ముడుచుకుని చిరుగుతుంది. గంటకు చదరపు మీటరు మీద కిలో నీరు ఆవిరవుతోందంటే ప్రమాదమేనని ఇంజనీర్లు అంటారు. ఇక్కడి వేసవి వడగాలికి ఆ హద్దు దాటడం ఎంతసేపు?

ఆ తర్వాతి కష్టం నీళ్లది. కాంక్రీటు పనులకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, పొడి ఎండల్లో 10 రోజులు తడి ఆరనివ్వకూడదు. "బోరు ఎండిపాయ. ట్యాంకరు నీళ్లే దిక్కు. పది దినాలంటే యాడ తెచ్చేది?" అన్నాడాయన. పక్కింటిది బండలు పరిచి చౌడుమట్టి కప్పిన పాత మిద్దె. దానికి ఈ బాధ లేదు.

కింద ప్రహరీ కోసం డ్రమ్ములో ఇటుకలు నానుతున్నాయి. ఎండిటుక పెడితే మాలులోని నీళ్లన్నీ అదే తాగేస్తుందని ప్రతి తాపీ పనివాడికీ తెలుసు. తాగిన ఇటుక ఆ నీటిని తిరిగి ఇస్తుంది కూడా. కాంక్రీటుకు లోపలి నుంచే తడి అందించే ఇంటర్నల్ క్యూరింగ్‌కు మూలం అదే.

సిమెంటూ నీరూ కలిసి గట్టిపడినప్పుడు, విడివిడిగా ఉన్నప్పటి కంటే తక్కువ చోటులో సర్దుకుంటాయి. లోపల సన్నటి ఖాళీలు పడతాయి. వాటిలో మిగిలిన కాస్త నీరు చుట్టూ ఉన్న పదార్థాన్ని లోపలికి లాగుతుంది. కాంక్రీటు కుంచించుకుపోయి పగులుతుంది. దట్టమైన కాంక్రీటులోకి పైన నిలిపిన నీరు పెద్దగా దిగదు. ముందే నానబెట్టిన తేలికపాటి కంకర అయితే లోపలి నుంచే ఆ ఖాళీలకు నీరు అందిస్తుంది. 2005లో అమెరికాలోని టెక్సస్‌లో, హచిన్స్ రైల్వే కంటైనర్ యార్డుకు ఇలాంటి కాంక్రీటు సుమారు 1,90,000 ఘనపు మీటర్లు పోశారు. నెలలు గడిచాక చూసినా పగుళ్లు చాలా అరుదు.

మేస్త్రీతో కూర్చుని లెక్క వేశాం. కిలో సిమెంటుకు సుమారు 70 గ్రాముల నీరు దాచాలి. అంటే 50 కిలోల బస్తాకు మూడున్నర లీటర్లు. బరువులో 15 శాతం నీరు పీల్చే ఇటుక ముక్కలైతే బస్తాకు 23 కిలోల పైచిలుకు పడతాయి. వాటి ఘనపరిమాణం మేరకు ఇసుకనో చిన్న కంకరనో తగ్గించాలి. ఇటుక మెత్తన కాబట్టి క్యూబులు పోసి బలం చూడందే స్లాబులో వాడకూడదు.

ఈ ఇంటికి మాత్రం ముందు కావాల్సింది ఇంటర్నల్ క్యూరింగ్ కాదని నా గట్టి అభిప్రాయం. ఈ పద్ధతి సత్తా తెలిసేది నీరు–సిమెంటు నిష్పత్తి 0.42 కంటే తక్కువున్న బ్రిడ్జి డెక్కుల్లాంటి చోట్ల. పని సులువుగా సాగాలని నీళ్లు ఎక్కువ పోసి కలిపిన కాంక్రీటుకు ముందు ఆ నీళ్లు తగ్గించాలి. వచ్చే స్లాబు తెల్లవారుజామునే పోయమన్నాను. నునుపు చేసిన వెంటనే ప్లాస్టిక్ పట్టా కప్పాలి, గట్టిపడ్డాక తడి గోనెసంచులు పరిచి మళ్లీ పట్టా కప్పాలి. ట్యాంకరు నీళ్లూ ఆదా అవుతాయి.

విరిగిన ఇటుకలతో కొన్ని క్యూబులు పోసి చూస్తానని ఆయనే అన్నాడు. "ఎంతసేపు నాననియ్యాల?"

కనీసం ఒక పగలు, ఒక రాత్రి. కలిపే ముందు పైతడి కారిపోనివ్వాలి. లేకుంటే ఆ తడంతా కాంక్రీటులో అదనపు నీరవుతుంది.